సగం ఖాళీ డిస్కు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మహబూబాబాద్ స్టేషన్‌లో నేనూ అక్కా మనిషి కోసం కాదు, ఒక డబ్బా కోసం ఎదురుచూశాం! మా మామ బొంతలో చుట్టి, ఒళ్లో పెట్టుకొని జనగామ నుంచి తెస్తున్న డీవీడీ రికార్డరు అది. వేళకు రాకపోతే అక్క ఖోఖో ఆట ఆ రోజుతో సరి!

ఎందుకో చెప్తాను, ఆగండి...

మాది జనగామ. బాపుకు, అంటే మా నాన్నకు, పప్పులు, మిరపకాయల హోల్‌సేల్ దుకాణం. మామ, అంటే అమ్మ తమ్ముడు, దుబాయ్ నుంచి వస్తూ ఆ రికార్డరు తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. టీవీలో వచ్చేది వచ్చినట్టు డిస్కులోకి ఎక్కించే డబ్బా... అబ్బో, గల్లీలో మేం కొట్టిన ఫోజు అంతా ఇంతా కాదు! సరిగ్గా అప్పుడే అక్క వాళ్ల స్కూలు ఖోఖో ఫైనల్ గెలిచింది. మా ఊరి కేబుల్ వాళ్లు ఆ ఆటను సాయంత్రం వేశారు. మామ టక్కున డిస్కులోకి ఎక్కించేశాడు.

ఎక్కించాక ఒక మాటన్నాడు... "బావా, గీ డిస్కు వేరేటోళ్ల డబ్బల ఆడాలంటే ఫైనలైజ్ చెయ్యాలె. అంటే మూసేసుడు. మూసినంక దాంట్ల మల్ల ఏం ఎక్కదు."

బాపు ఉలిక్కిపడ్డాడు. "సగం ఖాళీ ఉన్నది గద! సగం బస్తకు మూతి కుడ్తరా ఎవలన్న?"

అంతే, మూయలేదు. మా ఇంటి రికార్డరులో బాగానే ఆడుతోంది కదా అని మేమూ ఊరుకున్నాం.

ఇంతలో అక్కను నెల రోజుల ఖోఖో క్యాంపుకు పిలిచారు. సోమవారం పొద్దున్నే బయల్దేరాలి. కానీ మా ఇళ్లలో ఆఖరి మాట అవ్వది... బాపు వాళ్ల అమ్మ. మహబూబాబాద్‌లో పెద్దబాపు దగ్గర ఉండేది. "ఆడపిల్ల లాగు ఏసుకొని ఉరుకుడేంది? బంద్ పెట్టుండ్రి" అని కబురు పంపింది. బాపు ఆమె మాట జవదాటడు. కానీ అక్క ఏడుపు చూడలేక ఫోన్‌లో బతిమాలాడు. "అవ్వా, ఒక్కపారి దాని ఆట సూడు. సూసినంక నువ్వేదంటే గదే."

అలా ఆదివారం పొద్దున బాపు, అక్క, నేను డిస్కు పట్టుకొని పెద్దబాపు ఇంట్లో దిగాం. వాళ్ల ప్లేయర్‌లో పెట్టాం. గిర్రున తిరిగింది... ఆగింది. 'డిస్క్ ఎర్రర్'!

పెద్దమ్మ మెత్తటి బట్టతో తుడిచింది. పెద్దబాపు ఊదాడు. నేనైతే దండం పెట్టాను! ఊహూఁ. ఆ గల్లీలో ప్లేయర్ ఉన్న మూడిళ్లూ తిరిగాం. ఎక్కడా బొమ్మ పడలేదు.

అవ్వకు కోపం వచ్చింది. "ఆట లేదు, ఏం లేదు. నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నరా? ఇగ దాని ఆట బంద్... గంతే."

అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. నాకు ఆ డిస్కును రెండు ముక్కలు చేయాలనిపించింది, నిజంగా!

బాపు మామకు ఫోన్ కలిపాడు. "అరేయ్, డిస్కు ఆడ్త లేదురా!"

"మూసినవా బావా?"

"...లే."

"మరెట్ల ఆడ్తది? నేను జెప్పలే? సరే, డబ్బనే పట్టుకొస్త. జర అత్తమ్మను కూసోబెట్టుండ్రి!"

అదీ మేం స్టేషన్‌లో నిలబడ్డ కథ. రైలు ఇంకా పూర్తిగా ఆగకముందే మామ బొంత మూటతో తలుపులో కనిపించాడు. ఆటో ఎక్కి ఇంటికి ఉరికాం. ఎర్ర వైరు ఎర్రదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో, పసుపుది పసుపుదాంట్లో... మామ గబగబా గుచ్చేశాడు. బొమ్మ పడింది! మా ఊరి గ్రౌండు! దుమ్ము! అక్క!!

ఆఖరి నిమిషం. వాళ్ల టీంలో అక్క ఒక్కతే మిగిలింది. ఆమె దొరికితే కప్పు పోయినట్టే. వంగింది, తప్పించుకుంది, స్తంభం చుట్టూ తిరిగింది... మొదట అవ్వ మంచం మీద ఉంది. కాసేపటికి మంచం అంచుకు వచ్చింది. మళ్లీ చూస్తే టీవీ ముందు నిలబడి ఉంది! "అగో, ఎనుకనే ఉన్నది! ఉరుకు బిడ్డా, ఉరుకు!" విజిల్ పడగానే, అక్క ఆ గదిలోనే ఉందని మరిచిపోయి టీవీకే మెటికలు విరిచింది!

"మల్లొక్కపారి ఎయ్యి" అంది. మూడుసార్లు వేశాం.

అప్పుడు బాపు మెల్లగా అన్నాడు... "ఇగ మూసెయ్‌రా. డిస్కు అవ్వ కాడ ఉండనియ్యి. ఖాళీ పోతే పోనియ్యి." బాపు నోట ఆ మాట విని మాకు మతిపోయింది.

మామ రిమోట్ అందుకున్నాడు. "ఆగు" అంది అవ్వ. "దాంట్ల ఇంక జాగ ఉన్నదా?"

"సగం ఉన్నదత్తమ్మా."

అవ్వ బాపును ఎగాదిగా చూసింది. "సగం బస్తకు మూతి కుడ్తరారా ఎవలన్న? నేను నేర్పింది గిదేనా?" అక్కను దగ్గరికి లాక్కుంది. "పో బిడ్డా. రేపు బండెక్కు. మిగిలింది గూడ నింపుకొని రా."

అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బాపు ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయాడు.

రెండేళ్లలో అక్క తన ఆటలతో ఆ డిస్కు నింపేసింది. నిండిన రోజు అవ్వ వేలుతోనే నొక్కించి మూసేశాం. ఆ తర్వాత రఘునాథపల్లిలో మేనత్త ఇంట్లోనూ ఝామ్మని ఆడింది!

ఇప్పుడది నా బీరువాలో ఉంది, గీత కూడా పడలేదు. కానీ మా ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్, గోడంత టీవీ ఉన్నా... డిస్కు పెట్టే చోటు దేనికీ లేదు. అక్క పరుగు అందులో భద్రంగానే ఉంది. "ఉరుకు బిడ్డా" అన్న అవ్వ అరుపు మాత్రం ఏ డిస్కులోకీ ఎక్కలేదు... అది వినాలంటే నేను కళ్లు మూసుకోవాల్సిందే.

మీలో ఎవరింట్లోనైనా ఇంకా ఆడే ప్లేయర్ ఉందా? ఉంటే ఒక్క మాట చెప్పండి... ఎంత దూరమైనా నేనూ అక్కా వచ్చేస్తాం. మీ దగ్గరా ఇలా మూగబోయిన డిస్కులుంటే, వాటిలో ఎవరున్నారో చెప్పండి, వింటాను!