యోహాను అన్నకు ఇప్పుడు నైట్ పట్టం వద్దు

నిన్న పొద్దున షిఫ్ట్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. యోహాను అన్న పోయాడట. హార్ట్ ఎటాక్.

ఫోర్క్‌లిఫ్ట్ ఆపి దాని మీదే కూర్చుండిపోయాను. 

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కేంబ్రిడ్జ్‌లో మేం కొందరం వారాంతాల్లో పాతకాలపు యూరప్ యుద్ధాలు ఆడి చూపిస్తాం.

అందులో గుర్రమెక్కే నైట్లు ఉంటారు. ఒళ్లంతా ఉక్కు కవచం. ఫొటోలన్నీ వాళ్లవే.

వాళ్ల కింద కాలిబంటులు. దూది కుట్టిన కోటు, చేతిలో ఈటె. పదకొండేళ్లుగా మా ఈటెల వరుసకు అన్నే సార్జెంట్.

మెత్తని మనిషి కాదు. నేను చేరిన రోజే అందరి ముందూ తిట్టాడు.

"ఏరా, చేపలకి గాలం వేస్తన్నావా? దించు ఈటె. పక్కోడి భుజం తగల్లేదంటే నువ్వు లైన్లో లేనట్టే."

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండేళ్ల క్రితం ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగాడు, తననూ నైట్‌ని చేయమని. మా గ్రూపులో ఆ పట్టానికి సభ్యులు చేతులెత్తాలి.

రిచ్‌మండ్ హిల్ నుంచి వచ్చే ఒక నైట్ గారు లేచారు. ఎవరో ఆయనకు తెలుసు. చేరిన రెండో ఏడే పట్టం అందుకున్న మనిషి.

"అన్నా, మీరు నైట్ అయిపోతే లైన్ ఎవరు హ్యాండిల్ చేస్తారు? మీలాంటోళ్లు అక్కడే కావాలి."

"అవున్లెండి, నన్ను గుర్రమెక్కిస్తే దానికి మేతేసేవాడు ఉండొద్దూ" అన్నాడు అన్న. అందరూ నవ్వారు.

చెయ్యి ఎత్తనివాళ్లలో నేనూ ఉన్నాను. వరుస బాధ్యత నా నెత్తిన పడుతుందని భయపడ్డాను. అంతే కారణం.

నిన్న సాయంత్రం అదే నైట్ గారు మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. శనివారం చర్చిలో అన్న శవపేటిక మీద కత్తి, నైట్ బెల్టు ఉంచి పట్టం ఇద్దామట. ఫొటోగ్రాఫర్‌ని కూడా మాట్లాడారట.

కింద వరుసగా దండాల బొమ్మలు.

అన్న భార్య మేరీ వదినకు ఫోన్ చేసి అడిగాను. 

"ఆయన అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన అడగట్లేదు కదా. వద్దని చెప్పెయ్ తమ్ముడూ."

చెబుతున్నాను. వద్దు.

కత్తి తెచ్చినవాళ్లను చర్చి గుమ్మం దగ్గర నేనే ఆపుతాను. ఉత్త చేతులతో వస్తే లోపలికి రండి, వెనక కూర్చోండి.

పేటిక మోయడానికి ఆరుగురు కావాలన్నారు. మా వరుసలో ఆరుగురం ఉన్నాం. మీరు రానక్కర్లేదు.

వెళ్లిరా అన్నా. ప్రభువు దగ్గర నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.