పోయిన మూడు మణుగులు

మా మరిది కాలేజీ పరుగుపందెంలో మొదటివాడుగా వచ్చాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి చేపలు వేసే మనిషి. ఎండుచేపల గంపలతో పడవ మీద ధవళేశ్వరం వెళ్ళి, అక్కడ రోడ్డు పక్కన నిలబడి తన కళ్ళతో చూసిందట. పెరటి గుమ్మంలో గంప దింపింది గాని మూత తియ్యలేదు.

"చినబాబు గార్ని సూసేనండి" అంది. "రాజమండ్రి నించి ఆనకట్ట దాకా వచ్చి మళ్ళీ ఎనక్కి పరిగెట్టాలంటండి. అందరికన్నా ముందు ఈయనేనండి. ఆయనెనకాల రోడ్డంతా కాళీయేనండి."

"మావాడేనా? సరిగా చూశావా?"

"నేనెరగనాండి. ఇన్నేళ్ళ బట్టీ ఈ గుమ్మంలోకి వత్తన్నాను." గంప మూత మీద చెయ్యి వేసింది. "అయితే అమ్మగారూ, అంత దగ్గిర నించి పోయేరు కదండీ, కాళ్ళ సప్పుడు ఇనబళ్ళేదండి. ఒంట్లో మనిషి లేడండి. ఏదైనా మొక్కు ఉండిపోయిందేమో సూసుకోండి."

ఆవేళ చేపలు కొన్నానో లేదో గుర్తు లేదు. మొక్కు ఉండిపోయిన మాట మాత్రం నిజం.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది గోచీ పెట్టుకుని తిరిగే పిల్లవాడు. మా అత్తగారు అప్పటికే లేరు. అతన్ని పెంచింది మా అత్తగారి చెల్లెలు. బుద్ధి తెలియని వయసులోనే భర్త పోతే అక్కగారి ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. నేను చిన్నత్తగారూ అనేదాన్ని, అతను పిన్నీ అనేవాడు. సన్నగా, పొట్టిగా, పిట్టంత మనిషి. ఆవిడ పెంపకంలో మా మరిది మాత్రం గాదెలా పెరిగాడు. నడిమింటి సావట్లో అతను నడుస్తుంటే వంటింటి బల్ల మీద ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆ మోత విని నేను విస్తరి వేసేదాన్ని.

రాజమండ్రి కాలేజీలో చేరిన మొదటి ఏడు అక్కడి ప్రిన్సిపాలు దొరగారు ఆ పందెం పెట్టించారు. మావాడు అందరికన్నా ఆఖరున వచ్చాడు. సెలవులకు వచ్చి ఆ సంగతి తనే చెప్పి నవ్వించాడు.

"నేను ఆనకట్ట దగ్గరికి చేరేసరికి వదినా, మొదటివాడు తిరిగి వెళ్ళి, స్నానం చేసి, భోంచేసి, పడుకుని లేచాట్ట."

"మరి ఎందుకు పరిగెత్తావు అబ్బాయీ?"

"పేర్లు రాసుకుంటూ దొర నా వైపు చూసి పేరు అడిగాడు. చెప్పకపోతే బాగుంటుందా?"

ఆ చలికాలమే మా చెరుకు గానుగ దగ్గర పాలేళ్ళు అతన్ని ఆట పట్టించారు. బెల్లం తూచే పెద్ద త్రాసులో ఒకవైపు అతన్ని కూర్చోబెట్టి, రెండోవైపు దిమ్మలు పేర్చారు. ఎనిమిది మణుగులు తూగాడు. "చినబాబు గార్ని సంతకి తోలుకెళితే గానుగ అద్దె వచ్చేత్తాదండి" అని ఒకడంటే, తాడు పట్టుకుని ఊగుతూ అందరికన్నా గట్టిగా నవ్వినవాడు అతనే.

వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసినప్పుడు పడవలు దాటే లాకు అడుగున బురదలో మిగిలిపోయిన చేపలు పట్టడానికి ఊరు ఊరంతా దిగుతుంది. అతనూ వెళ్ళాడు. లాకు గోడ మెట్ల మీద నాచుకు కాలు జారి కిందనున్న రాళ్ళ మీద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని పైకి వచ్చింది. మంచం మీద మోసుకొచ్చారు. కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు వేసి కట్టాడు. పుండు మానలేదు, జ్వరం పట్టుకుంది. నరసాపురం నుంచి డాక్టరును పిలిపిస్తే ఆయన చూసి, జ్వరం దిగకపోతే కాలు తీసెయ్యాలనీ, ఇంకా ఆలస్యమైతే కాలు తీసినా మనిషి దక్కడనీ మా వారితో అరుగు మీద చెప్పాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

దేవుడి గదిలోకి వెళ్ళి ముడుపు కట్టాను. నరసాపురం రేవు దాటి వెళితే సముద్రం దగ్గర నరసింహస్వామి ఉన్నాడు, మా ఇంటి ఇలవేల్పు. "స్వామీ, రెండు కాళ్ళ మీద లేపి నిలబెట్టు. గానుగ దగ్గర వాడెంత తూగాడో అంత బెల్లానికి అంత మనిషినీ నీ ముందు తులాభారం తూయిస్తాను" అని మొక్కుకున్నాను. ఆ నిమిషాన నాకు తోచిన కొలత అదే.

స్వామి మాట నిలబెట్టుకున్నాడు. నెలల తరబడి ఉప్పులేని జావతో, కాల్చిన రొట్టెతో పథ్యం నడిచింది. వానలు తగ్గేవేళకు జ్వరం దిగింది, పుండు మానింది. దసరా వెళ్ళాక అతను గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. మాకు సంతోషమే. కాని నిలబడినవాడు మాకు తెలిసినవాడిలా లేడు. బుగ్గలు పోయాయి, పొట్ట పోయింది, మెడ మీద నరాలు తేలాయి. నడుస్తుంటే గిన్నెలు మోగడం లేదు. వెనక నిలబడి "వదినా" అంటే నేను ఉలిక్కిపడేదాన్ని.

మొక్కు తీర్చడానికి బయలుదేరుదామని చిట్టు, తవుడు బస్తాలు తూచే కాటా మీద అతన్ని చూస్తే అయిదు మణుగులే ఉన్నాడు. ఇంట్లో అందరం కూర్చుని తర్జనభర్జన పడ్డాం. బెల్లం ఎనిమిది మణుగులూ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నారు మా వారు. పురోహితుడు ఒప్పుకోలేదు. "బెల్లానిదేముందండీ, కొంటే వస్తుంది. అమ్మగారు మొక్కింది మనిషిని. ఎనిమిది మణుగుల మనిషిని తూయిస్తానని మొక్కి అయిదు మణుగులవాణ్ణి కూర్చోబెడితే స్వామికి తక్కువ తూచినట్టే. పిల్లాడు తేరుకోనివ్వండి" అన్నాడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. ఒళ్ళు వచ్చాకే వెళదామనుకున్నాం. మా వైపు దేవుడికి బాకీ పెడతారు గాని తక్కువ తూచరు.

ఒళ్ళు రాలేదు. కాలు గట్టిపడాలని అతను పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచేవాడు. పడవలకు తాడు కట్టి గట్టు మీద లాక్కుపోయే మనుషులుంటారు. మొదట కర్ర పట్టుకుని వాళ్ళ వెనక నడిచాడు. తర్వాత వాళ్ళతో సమంగా నడిచాడు. ఒకరోజు వాళ్ళను దాటి పరిగెత్తాడు. కర్ర గట్టు మీద వదిలేసి ఇంటికి వచ్చి, "నాలో ఇంకోడున్నాడు వదినా, ఇన్నాళ్ళూ వాణ్ణి నేనే మోసుకు తిరుగుతున్నాను" అన్నాడు. అతని కళ్ళలో వెలుగు చూసి నాకు ఆనందం కలగలేదు, భయం కలిగింది. ఆపైన కాలేజీకి వెళ్ళిపోయాడు. కిందటేడు ఆఖరున వచ్చినవాడు ఆ ఏడు మొదట వచ్చిన కబురే చేపల మనిషి తెచ్చినది.

ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుకుంటున్నాను. మగవాళ్ళు పొలంలో ఉన్నారు. వంటింటి బల్ల మీద గిన్నెలు మోగాయి. గాలి లేదు, పిల్లి లేదు. సావట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి ఎవరో బరువుగా నడిచినట్టు వరసగా మోగి ఆగిపోయాయి. అలవాటు కొద్దీ నేను విస్తరి కోసం చెయ్యి చాపాను. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. చిన్నత్తగారు దేవుడి గది గుమ్మంలో జపం ఆపి నా వైపు చూస్తున్నారు.

"నువ్వూ విన్నావా?" అన్నారు.

"విన్నానండి."

"రోజూ ఈ వేళకే. నీకు చెప్తే బెదిరిపోతావని ఊరుకున్నాను." ఆవిడ గొంతులో బెదురు లేదు. "వాడి బరువు ఇల్లు దాటి వెళ్ళలేదే అమ్మాయీ. మనం మొక్కినవాడు ఇక్కడే తిరుగుతున్నాడు. అక్కడ పరిగెడుతున్నది మిగిలినవాడు."

వేసవి సెలవులకు అతను తనకు ప్రైజుగా వచ్చిన వెండి గిన్నె పట్టుకుని వచ్చాడు. నెయ్యి వేస్తే విస్తరి పక్కకు జరిపాడు.

"తిను అబ్బాయీ. మొక్కు ఉంది."

"మొక్కు తీరాలంటే లావెక్కాలి. లావెక్కితే పరుగు పోతుంది. ఒక్క ఏడాది స్వామిని ఆగమనండి వదినా."

"స్వామిని ఆగమనడానికి మనమెవరం?"

"ఆగుతాడు లెండి. ఆయనకు మాత్రం పనేముంది, కూర్చునే ఉంటాడు కదా."

"పిచ్చి కూతలు కూయకు" అన్నారు చిన్నత్తగారు. ఆవిడ అతన్ని గట్టిగా ఒక మాట అనడం అదే మొదటిసారి నేను వినడం.

సాయంకాలాలు అతనికి ఒళ్ళు వెచ్చబడుతున్న సంగతి ఆవిడే కనిపెట్టారు. దగ్గు కూడా మొదలైంది. అయినా తెల్లవారేసరికి గట్టు మీద ఉండేవాడు. ఎంత నీరసిస్తే అంత వేగంగా పరిగెత్తేవాడు. పడవ లాగేవాళ్ళు అతను వస్తుంటే తాళ్ళు వదిలి పక్కకు తప్పుకునేవారట, దారివ్వడానికి కాదు. చొక్కా విప్పి అరుగు మీద కూర్చుంటే పక్కటెముకల మధ్య ఊపిరి ఆడడం కనబడేది. నరసాపురం డాక్టరు మళ్ళీ వచ్చి, ఈసారి అరుగు మీద కూడా ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు చిన్నత్తగారు మా వారిని పిలిచి, "పడవ మాట్లాడు నాయనా. ఎనిమిది మణుగుల బెల్లమూ వేయించు" అన్నారు.

"వాడు తూగడు కదా పిన్నీ."

"అది నేను చూసుకుంటాను."

కాలువలు ఇంకా కట్టెయ్యలేదు. నరసాపురం దాకా పడవలో వెళ్ళి, రేవు దాటి, ఇసుక దారిన బండి మీద గుడికి చేరాం. మంటపంలో దూలానికి త్రాసు వేలాడగట్టారు. ఒక పళ్ళెంలో బెల్లం దిమ్మలన్నీ పేర్చారు. రెండోదాంట్లో మా మరిది కూర్చున్నాడు. బెల్లం నేల విడిచి లేవలేదు. గాల్లో ఊగుతూ అతను నవ్వబోయాడు గాని దగ్గు వచ్చింది.

చిన్నత్తగారు సముద్రస్నానం చేసిన తడిబట్టతోనే ముందుకు వచ్చి ఆ పళ్ళెం అంచు పట్టుకున్నారు. అర్చకుడు అడ్డుపడ్డాడు.

"మీరు ఎక్కకూడదమ్మా. బొట్టూ పసుపూ ఉన్నవాళ్ళెవరైనా అయితే వేరు."

"ఎవరి బరువు ఎవరిదో స్వామికి తెలుసు నాయనా. నువ్వు తాడు పట్టుకో."

"శాస్త్రం ఒప్పదమ్మా."

"వీడు తిన్న ప్రతి ముద్దా నా చేతిది. వీడి ఒంట్లోంచి పోయిన మూడు మణుగులూ నేను పెట్టినవే. నేను పెట్టింది నేను తెచ్చి ఇస్తుంటే అడ్డమేమిటి?"

అర్చకుడు మా వారి వంక చూశాడు. మా వారు తల దించుకున్నారు. ఆవిడ ఎక్కి, పిల్లవాణ్ణి పెట్టుకున్నట్టు అతని తల ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నారు. బెల్లం కదిలింది, లేచింది, ఇంకా కొంచెం దిగువనే ఉంది. "ఆ చెంబు ఇలా అందుకోవే" అన్నారు నాతో. నీళ్ళ చెంబు ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకున్నారు. ముల్లు నిలబడింది. అప్పుడు ఆవిడ పెదవులు కదిలాయి. ఏమి కోరారో నేను వినలేదు. స్వామి విన్నాడు.

ఇంటికి వచ్చిన పక్షానికి మా మరిదికి సాయంకాలపు వేడి తగ్గింది. ఆకలి అని అడిగి తిన్నాడు. దగ్గు వానలు పడేలోగా పోయింది. మరుసటి పందెంలో మధ్యలో ఎక్కడో వచ్చాడు. దానికి అతను బాధపడ్డాడు గాని నేను దేవుడి ముందు దీపం పెట్టాను. గిన్నెలు మళ్ళీ మోగాయి, అతను నడిచినప్పుడే మోగాయి.

చిన్నత్తగారు చిక్కిపోవడం మొదలుపెట్టారు. చిక్కడానికి ఏముందా ఒంట్లో అనిపించేది, అయినా రోజురోజుకూ తగ్గారు. డాక్టరు వద్దన్నారు, పథ్యం వద్దన్నారు. మంచం పట్టాక దుప్పటి కింద ఆవిడ కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కదులుతుండేవి, నిద్రలో కూడా. జీవితమంతా దేవుడి గదికీ వంటింటికీ మధ్య తప్ప నడవని కాళ్ళు. మా మరిది కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చేతులతో వాటిని పట్టుకున్నాడు.

"ఎక్కడికి పిన్నీ ఈ పరుగు?"

"వదిలెయ్యరా. పట్టుకోకు" అన్నారు ఆవిడ. "ఎంత తేలిగ్గా ఉందో. నువ్వు చెప్తే నమ్మలేదు."

అతను పట్టు వదల్లేదు. చేతుల్లోనే కాళ్ళు నిలిచిపోయాయి.

దేవుడు మనుషులతో బేరాలాడతాడని నేను అనను. అలా అనుకోవడం పాపమని మా నాన్నగారు అక్షరాలతో పాటే నేర్పారు. మా మరిది జ్వరం తగ్గవలసి తగ్గిందేమో, ఆవిడ ఆయువు తీరవలసి తీరిందేమో. అయినా ఇప్పటికీ ఎవరైనా నా పక్క నుంచి చప్పుడు చెయ్యకుండా వెళితే ఒళ్ళు జలదరిస్తుంది, ఆ వెంటనే నా రెండు చేతులూ వాటంతటవే జోడించుకుంటాయి.

మా మరిది ఇప్పుడు పిల్లలు కలవాడు, ఒళ్ళున్నవాడు. కాలేజీలో ఆ పందెం గురించి అప్పుడప్పుడు చెప్పుకుంటారట. ఆవిడకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. మా మరిది ఉన్నన్నాళ్ళు ఏటా ఆవిడ పేర నీళ్ళు వదులుతాడు. అతని తర్వాత ఆవిడ ఎవరికీ ఏమీ కారు. అందుచేత ఇది చదివిన అమ్మలనూ అయ్యలనూ ఒక్కటే అడుగుతున్నాను. పేరు చెప్పడం మా ఇళ్ళలో మర్యాద కాదు, మా చిన్నత్తగారు అని చాలు. ఎప్పుడైనా మీ మనసుకు తోచినప్పుడు, ఒక్కసారి ఆవిడను తలుచుకోండి.