సుభద్రత్త చెయ్యి విరిగింది మేక వల్ల కాదు

నిన్న పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "సుభద్రత్త పోయిందక్కా" అన్నాడు.

తొంభై దాటిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన వార్తే. అయినా వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

తర్వాత ఫ్యామిలీ గ్రూప్ తెరిచాను. అందరూ అత్తని తల్చుకుంటున్నారు, ప్రేమగానే. "మేకని తప్పించబోయి చెయ్యి విరగ్గొట్టుకున్న మన సైకిల్ అత్త" అని ఎవరో పెట్టారు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఆ మేక కథ ఎనభైల నుంచీ వింటున్నాను.

అసలు మేకే లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సుభద్రత్త మా నాన్నకి అక్క. మావయ్యకి యానాం బజారులో చిన్న బట్టల కొట్టు ఉండేది. అత్తకి యాభై దాటాక సుగర్ వచ్చింది. రోజూ నడవమని డాక్టర్ చెప్పాడు.

"ఊరికే చేతులూపుకుంటా నడిత్తే జనం నవ్వుతారండీ. నాలుగు రవిక గుడ్డలు పట్టుకెల్తాను, బేరం కూడా అవుద్ది" అందట.

పక్కనున్న జాలర్ల పల్లె దరియాలతిప్పలో ఆడవాళ్ళు చేపలు అమ్ముకుని తీరిక చేసుకునేసరికి బజారులో కొట్లు కట్టేసేవారు. అందుకని అత్తే వాళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళేది. బేరం పెరిగింది. మూట బరువెక్కింది. అప్పుడు కాకినాడ నుంచి ఒక పాత లేడీస్ సైకిల్ తెప్పించుకుంది.

ఆ వయసులో, చీర కట్టుకుని, గోదావరి గట్టు మీద సైకిల్ నేర్చుకుంది!

తొక్కడం తొందరగానే వచ్చింది. దిగడం మాత్రం చాన్నాళ్ళు రాలేదు. "ఒరే, ఎవరన్నా పట్టుకోండ్రా!" అని దూరం నుంచే కేకేసేది. దరియాలతిప్పలో ఆ కేక వినబడితే చాలు, రవిక గుడ్డలు వచ్చాయని ఆడవాళ్ళంతా బయటికి వచ్చేసేవారు. దిగడం వచ్చాక కూడా అత్త ఆ కేక మానలేదు. బేరానికి బాగుందని.

సుగర్ అదుపులోకి వచ్చింది. కొట్లో కంటే సైకిల్ మీదే ఎక్కువ అమ్మేది. అత్త అంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే నేను మొదటి కాన్పుకి యానాంలో పుట్టింటికి వచ్చాను.

నెల ముందే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం వేళ, జోరువాన. నాన్న ఊళ్ళో లేరు. వీధిలో పిక్కల్లోతు నీళ్ళు. రిక్షావాళ్ళు రామన్నారు. అమ్మ నన్ను వదిలి కదల్లేదు. నర్సు ఫిలోమినా సిస్టర్ ఇల్లు పక్కూరు అడవిపొలంలో.

నన్ను చూడ్డానికి వచ్చిన అత్త కుచ్చిళ్ళు దోపుకుని సైకిల్ తీసింది.

"ఒద్దత్తా, పడిపోతావు" అన్నాను.

"నువ్వు ఓపిక పట్టుకో. సిస్టర్ని తీసుకొచ్చేత్తాను" అని వెళ్ళిపోయింది.

ఇద్దరూ తడిసి ముద్దై వచ్చారు. సైకిల్ సిస్టర్ తొక్కింది, అత్త వెనక కూర్చుంది. ఎందుకని అడిగే స్థితిలో ఎవరం లేము.

పాప పుట్టింది, కానీ ఏడవలేదు. సిస్టర్ దాన్ని తలకిందులుగా పట్టుకుని, వీపు రుద్ది, ఎలాగో ఏడిపించింది. అత్త ఎడమచేత్తో పాపని ఒళ్ళోకి తీసుకుంది. కుడిచెయ్యి కొంగు కిందే ఉంచుకుంది.

రెండ్రోజుల తర్వాత కట్టుతో వచ్చి, మేక అడ్డమొచ్చి పడ్డానంది. అందరూ తిట్టారు. ఈ వయసులో సైకిలేంటన్నారు.

పాపకి టీకా వేయడానికి వచ్చినప్పుడు సిస్టర్ నాకు అసలు సంగతి చెప్పింది. ఆ రోజు అడవిపొలం దారిలో నీళ్ళ కింద గుంత కనబడక అత్త పడిపోయింది. మణికట్టు అప్పుడే విరిగింది. అలాగే సైకిల్ తోసుకుంటూ సిస్టర్ ఇంటికి వెళ్ళింది. ముందు ఆసుపత్రికి పదమంటే వినలేదట.

పరిగెత్తుకుంటూ అత్త దగ్గరికి వెళ్ళాను. "ఎందుకు దాచావత్తా?"

"చెబితే ఏవంటారో ఎరగవా? పుడతానే ఇంట్లో మనిషి చెయ్యి ఇరగ్గొట్టిన పిల్లంటారు. ఆ మాట దానికి పెళ్ళయ్యేదాకా వదల్దు. నన్నంటే అననీ. నీకు దణ్ణం పెడతాను, నోరు మెదపకు."

సరేనన్నాను.

ఆలస్యం కావడంతో ఎముక వంకరగా అతుక్కుంది. కుడిచేతికి బ్రేకు పట్టే బలం రాలేదు. అత్త మళ్ళీ సైకిల్ ఎక్కలేదు. కానీ బేరం మానలేదు. మూట సైకిల్ మీద పెట్టి, తోసుకుంటూ నడిచి వెళ్ళేది. డెబ్భై దాటేదాకా అలాగే.

నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా మా గుమ్మం ముందు ఆగి, పాప బుగ్గ గిల్లి, మళ్ళీ తోసుకుంటూ వెళ్ళిపోయేది. తోసుకుంటూ వెళ్ళేవాళ్ళకి ఎవరినీ పట్టుకోమనే పని ఉండదు. ఆ కేక మళ్ళీ నేను వినలేదు.

మాటిచ్చాను కాబట్టి చెప్పలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నా కూతురికి పెళ్ళైంది. పిల్లలు పుట్టారు. ఇంక దాన్ని ఎవరేమంటారు? అప్పుడైనా చెప్పొచ్చు. అత్త వింటుండగా, అందరి ముందూ, ఒక్కసారి.

చెప్పలేదు. ఆవిడ గురించి మేక జోకు వేసిన ప్రతిసారీ నేనూ నవ్వాను.

నిన్న నా కూతురికి చెప్పాను. "ఆవిడకి నేను ఒక్క చీర కూడా పెట్టలేదమ్మా" అంది.

ఈ ఉదయం ఇద్దరం యానాం వచ్చాం. అది తిన్నగా వెళ్ళి, వంకర తిరిగిన ఆ మణికట్టుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఎవరో పెద్దావిడ "నువ్వెవరమ్మా?" అనడిగింది. నేను నోరు తెరిచేలోపే అదే చెప్పింది.

"ఈవిడ చెయ్యి విరిగింది నాకోసమండీ."

మిగతాది నేను చెప్పాను.

అత్తా, మాట తప్పాను. తప్పడంలో కూడా ఆలస్యం చేశాను.

ఇంక ఏ బరువూ తోయక్కర్లేదు. నీకు శాంతి దొరకాలి.