మిషన్‌లో మిగిలిపోయిన నంబరు

2023లో జగ్గయ్యపేటలోని మా మెడికల్ షాపు నుంచి నలభై మంది బీపీ పేషెంట్లను ఫోన్ మీదే చూసుకునేవాణ్ణి. వాళ్లు ఇంట్లో బీపీ చూసుకుని మిషన్ ఫోటో వాట్సాప్‌లో పంపాలి. నేను రాసిపెట్టి విజయవాడలోని డాక్టరుగారికి పంపాలి. మందు మార్చేది ఆయన, సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనిపెట్టేది నేను.

ఒక బుధవారం సాయంత్రం నాగరత్నమ్మగారి ఫోటో వచ్చింది. 186/110. పక్క ఊళ్లో మిర్చి సాగు చేసే అరవై ఏళ్ల మనిషి. డాక్టరుగారు రెండో మాత్ర కలపమన్నారు. నాకు మనసొప్పలేదు. రీఫిల్, అంటే మాత్రలు అయిపోగానే మళ్లీ తీసుకెళ్లడం, ఆవిడ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయదు. వీడియో కాల్ చేసి నా ఎదుటే చూసుకోమన్నాను. 128/80. ఐదు నిమిషాలాగి చూసినా అంతే. రెండో మాత్ర పడితే కళ్లు తిరిగి చేలోనే పడిపోయేది.

ఫోటో మళ్లీ తీసి చూశాను. మూలన చిన్న M ఉంది. అది మెమొరీ గుర్తు, మిషన్ దాచుకున్న పాత నంబరన్నమాట. టైము పొద్దున ఆరూ నలభై. ఆవిడనే అడిగాను.

“అప్పటికి నేను చేలో ఉన్నా బాబూ. సాయంత్రం వచ్చి బటన్ నొక్కితే ఇది వచ్చింది, పంపించా. నా మిషనేగా?”

“దాని మీద ఇంకెవరైనా చూసుకుంటారా అమ్మా?”

“అడిగితే లేదంటామా? అరుగు మీదే ఉంటది. వీధంతా చూసుకుంటారు.”

ఆవిడ గండం గడిచింది కానీ ఆ 186 ఎవరిదో తేలాలి. కనుక్కోమన్నాను. అరగంటలో ఎదురింటి జానీని ఫోన్ ముందు కూర్చోబెట్టింది. స్కూలు పిల్లల్ని ఆటోలో తిప్పుతాడు. చూస్తే 184.

“కాస్త తలపోటు, అంతేనండీ. ముప్పై అయిదేళ్లకే బీపీ ఏంటండీ?”

“డాక్టరుగారు చెప్పేదాకా ఆటో తియ్యొద్దు జానీ.”

“మరి రేపు పిల్లల్నెవరు దింపుతారండీ?”

కాల్ డాక్టరుగారికి కలిపాను. ఆయన మాట మీద జానీ ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లాడు. ఇప్పుడు మా లిస్టులో అతనూ ఉన్నాడు.

తర్వాత నాగరత్నమ్మగారి పాత ఫోటోలన్నీ వెనక్కి తిప్పి చూశాను. పది రోజుల కిందట 178. మూలన అదే M. అది కూడా తనదేనని జానీ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ రోజు నేను ఆవిడకు ఆవకాయ మానేయమని సలహా ఇచ్చి ఊరుకున్నాను. సిగ్గేసింది. అప్పటి నుంచి ఎవరి ఫోటో వచ్చినా నంబరు రాసుకునే ముందు పట్టీ కట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతున్నాను.

నాగరత్నమ్మగారు మాత్రం ఆ పది రోజులూ ఆవకాయ ముట్టలేదట. జానీ ఆ పది రోజులూ పిల్లల్ని బడికి దింపుతూనే ఉన్నాడు.