ఆ రాత్రి పట్టుకున్న చెయ్యి

ఒట్టు పెట్టమంటే పెడతాను. దేవుడి మీద, చదువు మీద, దేని మీదైనా. ఇది జరిగింది. నాకే జరిగింది. నేను కెమిస్ట్‌ని. పరీక్ష చేయనిదే ఉప్పును కూడా ఉప్పని ఒప్పుకోని ఉద్యోగం నాది. అయినా సరే... ఈ ఒక్క విషయంలో నాకు ఏదీ తేలలేదు.

ఎనభైల మొదట్లో మాట. మేం నార్త్ కరొలైనాలో, క్యారీలో ఉండేవాళ్లం. అప్పుడు ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఎదురుపడితే పండగే. నేను పనిచేసే మందుల ల్యాబ్‌లో నా పక్క బల్ల లిండాది. నలభై అయిదేళ్ల మనిషి. గట్టిగా నవ్వుతుంది, గట్టిగా నడుస్తుంది. ఒకరోజు లంచ్‌లో ఒక కాగితం నా ముందు పెట్టింది. నేపాల్ కొండల్లో మూడు వారాల నడక. రోడ్డు లేని పల్లెల మీదుగా, గైడ్ వెంట.

"సుధా, హిమాలయాలు మీవి. నువ్వు చూడకుండా నేనొక్కదాన్నే చూసొస్తే బాగుంటుందా?" అంది.

మా ఆయన ప్రభాకర్‌కి చెబితే తల పట్టుకున్నారు. "ఇండియా వెళ్లినప్పుడు బదరీనాథ్ బస్సెక్కితే పోయేదానికి, వెకేషన్ అంతా పెట్టి ట్రెక్ చేయడమేంటే?"

"బస్సులో నిద్రపోతానండీ," అన్నాను.

ఆరు నెలలు ప్రాక్టీస్ చేశాం. శనివారం తెల్లవారుజామున బయల్దేరి పడమటి కొండలకి డ్రైవ్ చేయడం, బ్యాగుల్లో లావుపాటి ఫోన్ డైరెక్టరీలు నింపుకుని ఎక్కడం, దిగడం. చాలా గట్టివాళ్లమైపోయాం అనుకున్నాం.

అక్కడికి వెళ్లాక మొదటి రోజే ఆ గర్వం దిగిపోయింది. ఒక కొండ ఎక్కితే, దాని వెనక ఇంకోటి. మోకాళ్లు వణికేలా దిగడం... ఏరు దాటడం... మళ్లీ ఎక్కడం. గుంపులో ఆరుగురం. నలుగురు మగవాళ్లు, మేమిద్దరం. గైడ్ పేరు దోర్జే. తక్కువ మాట్లాడేవాడు. నా వచ్చీరాని హిందీకి నవ్వు ఆపుకుంటూ "దీదీ, మెల్లగా" అనేవాడు. ఆ రెండు మాటలతోనే నన్ను తొమ్మిది రోజులు నడిపించాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఒక పల్లె చేరాం. పది పన్నెండు రాతి ఇళ్లు. అంతే. మగవాళ్లకి బయట టెంట్లు వేశారు. మా ఇద్దరికీ ఒక ముసలావిడ తన ఇంటి పైగది ఇచ్చింది. కింద మేకలు. పైకి వెళ్లడానికి, మెట్లలా చెక్కిన ఒక దుంగ. గదికి కిటికీ లేదు. పొగ వాసన.

నా తల పగిలిపోతోంది. జ్వరం కూడా తగిలింది. రెండు చెంచాల సూప్ తాగి, మాత్ర వేసుకుని, గోడ పక్కన పడుకున్నాను. నా ఎడమ పక్కన లిండా తన స్లీపింగ్ బ్యాగ్ పరుచుకుంది. ఇంకా వెలుగుంది. ఆమె దగ్గుతోంది.

"పొద్దున్నకి ఇద్దరం బాగయిపోతాంలే," అంది.

అంతే. నాకు గుర్తున్న ఆఖరి మాట అది.

ఎప్పుడో మెలకువ వచ్చింది. చీకటి... కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. గొంతు ఎండిపోయింది. ఊపిరి అందడం లేదు. అక్కడ అంత ఎత్తులో నిద్రలో శ్వాస ఆగి, మళ్లీ ఒక్కసారి ఎగదన్నుకొస్తుంది. చచ్చిపోతున్నానేమో అనిపించింది. నిజంగా.

అప్పుడు వినిపించింది. నా ఎడమ పక్కన... శ్వాస. నెమ్మదిగా. లోపలికి... బయటికి. కింద మేకలు కూడా కదలడం లేదు. ఆ శ్వాస ఒక్కటే.

"లిండా? ఆర్ యూ ఓకే?"



"ఊఁ."

చెయ్యి చాపాను. ఇంకో చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. వెచ్చగా ఉంది. అరచెయ్యి గరుకు. నా వేళ్లని నొక్కడం మొదలుపెట్టింది. నొక్కి... వదిలి. నొక్కి... వదిలి. దానికి తగ్గట్టు ఊపిరి తీసుకోమంటోందని అర్థమైంది. తీసుకున్నాను. ఎంతసేపో తెలియదు. గుండె దడ తగ్గింది. పసిపిల్లలా నిద్రపోయాను.

తెల్లారింది. తలుపు సందులోంచి సన్నగా వెలుగు. లిండాకి థాంక్స్ చెబుదామని ఎడమ పక్కకి తిరిగాను.

బస్తాలు.

నాలుగు బస్తాలు, నా భుజానికి జానెడు దూరంలో, ఒకదాని మీద ఒకటి. బంగాళాదుంపలు. లిండా లేదు. ఆమె స్లీపింగ్ బ్యాగ్ లేదు. అక్కడ మనిషి పడుకునేందుకు చోటే లేదు.

దుంగ మీంచి ఎలా దిగానో తెలియదు. దోర్జే టీ కాస్తున్నాడు.

"లిండా దీదీ రాత్రే కిందికి వెళ్లిపోయారు," అన్నాడు. "మీరు పడుకున్న గంటకే. మాట తడబడింది, అడుగు తడబడింది. ఎత్తు పడలేదు. వెంటనే దించకపోతే ప్రాణానికే ప్రమాదం. మన కూలీ కామీ వీపు మీద మోసుకుని కింది పల్లెకి తీసుకెళ్లాడు. మీకు ఒళ్లు కాలుతోందని లేపలేదు."

"మరి ఆ బస్తాలు?"

"చలికి పాడవుతాయని ముసలావిడ అప్పుడే లోపల పెట్టించింది. నేనే మోశాను."

"రాత్రి నా గదిలో ఎవరు పడుకున్నారు?"

దోర్జే చెంచా తిప్పడం ఆపాడు. నా ముఖం చూశాడు. "ఎవరూ లేరు, దీదీ."

ముసలావిడని అడిగించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంక ఆ ఇంటి వైపు తిరిగి చూడకుండా నడిచాను. జ్వరం, కల అని నాకు నేనే చెప్పుకున్నాను. మిగతా రోజులు మగవాళ్ల టెంట్ల మధ్యే పడుకున్నాను. లిండా కోలుకుని ముందే అమెరికా వెళ్లిపోయిందని ఖాట్మండులో తెలిసింది.

అసలు దెబ్బ క్యారీలో తగిలింది.

తిరిగొచ్చిన మర్నాడే లిండా ఇంటికి వెళ్లాను. చిక్కిపోయింది. నన్ను చూడగానే వాటేసుకుని ఏడ్చేసింది. లిండా ఏడవడం చూడడం అదే మొదటిసారి.

"నువ్వు లేకపోతే బతికేదాన్ని కాదు, సుధా."

"నేనేం చేశాను?"

"ఏం చేశావా? అంత జ్వరంలో నా కోసం కిందికి దిగొచ్చావు. రాత్రంతా చెయ్యి వదల్లేదు. నేను ఊపిరి మర్చిపోయినప్పుడల్లా వేళ్లు నొక్కావు..."

కాఫీ కప్పు కింద పెట్టేశాను.

"లిండా... నేను పైనే ఉన్నాను. నేను కిందికి రాలేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. నా ముఖం చూసి ఆగింది. తెల్లగా పాలిపోయింది.

"నీ ముఖం చూడలేదు," అంది మెల్లగా. "చీకటి. కానీ ఒక మాట పదే పదే అన్నావు. పర్లేదు... పర్లేదు... అని. అదేంటో నాకు తెలియదు. ఏంటి దాని అర్థం?"

నా ఒళ్లు చల్లబడిపోయింది. ల్యాబ్‌లో ఎప్పుడో నా నోట వినే ఉంటుంది. గుర్తుండిపోయి ఉంటుంది. ఆమెకి అదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. నేనూ నమ్మానో లేదో... పైగదిలో నా చెయ్యి పట్టుకున్న సంగతీ అప్పుడే చెప్పాను.

దోర్జేకి ఉత్తరం రాశాను. మూడు నెలలకి జవాబు వచ్చింది, ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించి. ఆ రాత్రి కింది పల్లెకి ఎవరూ రాలేదట. కామీ, లిండా పడుకున్న గది గుమ్మం దగ్గరే పొయ్యి ముందు కూర్చున్నాడట. లోపల ఇద్దరు ఆడవాళ్ల గొంతులు వినిపించాయట. రోగి కలవరిస్తోందిలే అనుకుని లేవలేదట. పొద్దున్న చూస్తే లిండా ఒక్కతే ఉందట.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివారు. మడిచి నా చేతిలో పెట్టేశారు. "ఇంక దీన్ని తవ్వకు సుధా," అన్నారు.

తవ్వలేదు. తర్వాత లిండా ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఉద్యోగాలు, పిల్లలు, మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకుంటాం. ఆ రాత్రి సంగతి ఎత్తం. ఒక్కసారే ఎత్తింది. ఫోన్ పెట్టేసే ముందు.

"సుధా, రెండు పల్లెల మధ్య నాలుగు గంటల దారి కదా. నా చెయ్యి పట్టుకుంది నువ్వు కాదు. నీ చెయ్యి పట్టుకుంది నేను కాదు. మరి ఆ వచ్చింది... ఒక్కరా? ఇద్దరా?"