సక్కుబాయి బీదరికానికి సాక్షులు

పాతబస్తీ గౌలిపురలో సక్కుబాయి ఇంటికి వెళ్లి ఏమీ తాగకుండా బయటపడ్డ మనిషి ఇంకా పుట్టలేదు. పక్క గల్లీకి దారి అడిగిన పాపానికి పోస్ట్‌మ్యాన్ చేతిలోనైనా చల్ల గ్లాసు పడాల్సిందే. ఒకసారి కరెంటు మీటరు చూడడానికి వచ్చినతను రెండు గ్లాసుల చల్ల తాగి, తన పెళ్లి సంగతీ తన తల్లి మోకాళ్ల సంగతీ అన్నీ చెప్పుకుని, మీటరు చూడడమే మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆ నెల ఆయన ఏం అంకె వేసుకున్నాడో ఆయనకే తెలియాలి.

మనిషి పొట్టి. గొంతు మాత్రం గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేది. యాభై దాటిన వయసు, ఒక బర్రె, భిక్షపతి అనే భర్త, పాలు పోయించుకునే పదిహేను ఇళ్లు, ఇంతే ఆమె సంసారం. ఆమె ఒక్క పొద్దున మాట్లాడినన్ని మాటలు భిక్షపతి ముప్పై ఏళ్ల కాపురంలో మాట్లాడి ఉండడు. అన్నింటికీ ఆయన దగ్గర ఉన్న జవాబు ‘ఊఁ’.

పంతొమ్మిది వందల ఎనభై రెండు నాటికి సక్కుబాయి రెండు కళ్లకూ శుక్లాలు కమ్మి రెండేళ్లయింది. ఎదుటి మనిషి ముఖం పాలమీగడ చాటున ఉన్నట్టు కనిపించేది. ఈ సంగతి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? చూపు లేని మనిషి పోసే పాలలో గడ్డిపరక పడిందో ఈగ పడిందో అని జనం అనుమానపడితే ఆ పదిహేను ఇళ్లూ పోతాయి. అందుకని భిక్షపతి పాలు పిండి, రెండుసార్లు గుడ్డలో వడగట్టి ఇస్తే, ఆమె బిందె చంకనెత్తుకుని బయలుదేరేది.

కొలవడం చెవులతోనే. అర లీటరు డబ్బాలో పాలు నిండేకొద్దీ ధార చప్పుడు సన్నబడుతుంది. అంచు దాకా వచ్చిన చప్పుడు ఆమెకు ఎంత బాగా తెలుసంటే, రెండేళ్లలో ఒక్క చుక్క కింద పోలేదు. నడకకు కూడా ఒక అదృష్టం కలిసొచ్చింది. తాను పాలు పోసే ఇళ్ల మెట్ల అంచులు తెల్లగా మెరుస్తూ, ఆ మసకలో కూడా ఎక్కడ కాలు పెట్టాలో చెప్పేవి.

“సూసినవా, మెట్లన్నీ కనబడ్తున్నయ్. నా కండ్లు గంత ఖరాబేం గాలే,” అనేది భర్తతో.

“ఊఁ,” అనేవాడు భిక్షపతి.

చివరికి ఒకరోజు బర్రె అనుకుని సైకిలు వీపు నిమిరింది. అప్పుడు ఆయన ‘ఊఁ’ అనలేదు. చెయ్యి పట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు టార్చి వేసి చూసి, శుక్లాలు బాగా ముదిరాయన్నాడు. వచ్చే నెల మొదటి వారంలో మంచం ఇస్తాను, అది దాటితే మళ్లీ ఎప్పటికో, అప్పుడు కోసినా చూపు వస్తుందని చెప్పలేను అన్నాడు. తహసీలు కచేరీ నుంచి ఆదాయం తక్కువని సర్టిఫికెట్ తెస్తే ఆపరేషను, మందులు, ఆ తర్వాత పెట్టుకునే కళ్లద్దాలు, అన్నీ సర్కారువే. తేకపోతే అన్నీ సొంతంగా కొనుక్కోవాలి. అంటే బర్రెను అమ్మాలి. చూపు వచ్చి బర్రె పోతే ఆ చూపుతో ఏం చూడాలి?

కచేరీ బయట దరఖాస్తులు రాసే ముసలాయన అర్జీ రాసిచ్చి, రేషన్ కార్డు జత చేసి, జాగ్రత్తలు చెప్పాడు. “సోమవారం గిర్దావర్ సాబ్, గదే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, మీ ఇంటికొస్తడు. మీ హాలత్ ఎట్లున్నదో సూసి రిపోర్టు రాస్తడు. గా రిపోర్టు మీదనే అంతా.”

ఇందులో సక్కుబాయికి వినిపించింది ఒక్కటే. ఇంటికి ఆఫీసరు వస్తాడు.

ఇక చూడాలి ఆమె హడావిడి. ఎదురింటి ఖైసర్ బేగం దగ్గరికి వెళ్లి ఆమె పెళ్లికి పత్తర్‌గట్టి బజారులో కొన్న నీలిపూల పింగాణీ టీ సెట్టు అడిగింది. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇశ్రాయేలు ఇంటి నుంచి రెండు టేకు కుర్చీలు తెప్పించింది. మూలయింటి సుందరమ్మ తన వెండి గ్లాసు తానే తెచ్చి ఇచ్చింది. దేనికని ఎవరూ అడగలేదు. ఆఫీసరు వస్తున్నాడంటే గల్లీ మర్యాద సంగతి కదా అనుకున్నారు.

భిక్షపతి మాత్రం నసిగాడు. “ఏందే ఇది? మనం బీదోళ్లమని గదా రాసిచ్చినం?”

“బీదోళ్లమైతే ఏంది? ఇంటికొచ్చిన మనిషిని గోనెసంచి మీద కూసోవెడ్తమా? నా పానం పోయినా గట్ల జెయ్య,” అంది సక్కుబాయి. తెలివి ఉన్న మనిషే, కాదనను. కానీ అతిథి అనేసరికి ఆ తెలివి అటకెక్కేది.

గిర్దావర్ కమాలుద్దీన్ వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. వెండి గ్లాసులో మంచినీళ్లు తాగాడు. సక్కుబాయి కెటిల్ ఎత్తి, కప్పు నిండే చప్పుడు వింటూ, ఒక్క బొట్టు సాసరులో పడకుండా చాయ పోసింది. చిక్కటి పాల చాయ. ఆయన రెండో కప్పు కూడా అడిగి తాగాడు. ఆయన వెళ్లిన తర్వాత సక్కుబాయి ముఖం వెలిగిపోయింది. “ఎంత ఖుషీగ పోయిండో సూసినవా?” అంది. సామాన్లన్నీ కడిగి, తుడిచి, ఎవరివి వారికి తిరిగి ఇచ్చేసింది.

వారం తర్వాత కచేరీకి వెళితే గుమాస్తా ఫైలు తీసి రిపోర్టు చదివి వినిపించాడు. “దరఖాస్తుదారు ఇంట పింగాణీ టీ సెట్టు, రెండు టేకు కుర్చీలు, వెండి గ్లాసు గలవు. అర్జీదారు చాయను చుక్క ఒలకకుండా పోసినందున కంటిజబ్బు ఉన్నట్లు కూడా తోచలేదు. బీద కుటుంబముగా పరిగణించుటకు వీలులేదు.”

సక్కుబాయి దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం చూసి భిక్షపతికి భయం వేసింది. డాక్టరు ఇచ్చిన గడువుకు ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఆమె బర్రె దగ్గర కూర్చుని దాని మెడ నిమురుతూ, “నా పొగరే నా కండ్లల్ల మట్టి గొట్టింది,” అని ఏడ్చింది.

భిక్షపతి లేచి, తిన్నగా ఖైసర్ బేగం గుమ్మం ముందు నిలబడ్డాడు. జీవితంలో అంత పెద్ద ప్రసంగం ఆయన చేసి ఉండడు.

“బేగమమ్మా, మీ కప్పులు మమ్మల్ని అమీర్లను జేసినయ్. గిర్దావర్ సాబ్ అన్నీ మాయే అని రాసిండు. దవాఖానల ముఫత్‌గ సూడాల్నంటే బీదోళ్లమని కాయితం గావాలె. గిప్పుడు అది ఇయ్యరంట.”

ఖైసర్ బేగం ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఫికర్ మత్ కరో, భిక్షపతి భాయ్. రేపు పొద్దుగాల మేమంతా ఒస్తం,” అంది. కాయితం ఏ జబ్బుకని ఆమె అడగలేదు. ఇశ్రాయేలూ అడగలేదు, సుందరమ్మా అడగలేదు. రహస్యం బయటపడలేదు కదా అని సక్కుబాయి ఆ దుఃఖంలోనే కాస్త ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు గౌలిపుర నుంచి కచేరీకి బయలుదేరిన ఆ ఊరేగింపును చూసినవాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు. ముందు బుర్ఖాలో ఖైసర్ బేగం, చేతిలో టీ సెట్టు బుట్ట. వెనక సైకిలు క్యారియర్ మీద రెండు కుర్చీలు తాడుతో కట్టుకుని, ఫ్యాక్టరీకి సెలవు పెట్టిన ఇశ్రాయేలు. ఆ వెనక వెండి గ్లాసు కొంగున ముడేసుకున్న సుందరమ్మ. అందరి వెనక, సిగ్గుతో తల వంచుకుని, భర్త చెయ్యి పట్టుకుని సక్కుబాయి.

“ఏందిది? ఈడ వేలంపాట గిట్ల ఏం లేదు,” అని గుమ్మంలో బంట్రోతు అడ్డుపడ్డాడు. ఆయన్ను దాటుకుని కుర్చీలతో సహా అందరూ కమాలుద్దీన్ బల్ల ముందుకు చేరారు.

ఖైసర్ బేగం బుట్ట దించి అయిదు కప్పులు వరసగా పెట్టింది. తర్వాత జేబురుమాలు విప్పి చెవి విరిగిన ఆరో కప్పు తీసింది. “సాబ్, మీరు ఈమె ఇంట్ల అయిదే సూసిన్రు గదా? ఆరోది మా అల్మారాల ఉండె. ఇరిగిన కప్పుల చాయ ఇస్తే బాగుండదని నేనే ఇయ్యలే.”

ఇశ్రాయేలు కుర్చీని తలకిందులు చేసి చూపించాడు. అడుగున ఎర్ర రంగుతో వాళ్ల నాన్న పేరు రాసి ఉంది. “మా ప్రార్థన కూటాలకు పోతయి సాబ్ ఈ కుర్చీలు. కలిసిపోకుండ మా బాపు రాసి పెట్టిండు.”

సుందరమ్మ కొంగుముడి విప్పి వెండి గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. అంచు కింద ‘సుందరమ్మ’ అని గుండ్రటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. “నీళ్లు తాగేటప్పుడు సదవలేదా, బిడ్డా?”

కచేరీ అంతా గొల్లున నవ్వింది. బంట్రోతు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కమాలుద్దీన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ పెదవుల చివర నవ్వు ఆగలేదు.

“మరి ఆ ఇంట్ల మీదేమున్నదమ్మా?” అని అడిగాడు సక్కుబాయిని.

సక్కుబాయి తల ఎత్తింది. “చాయల పోసిన పాలు నావి సాబ్. గవి మాత్రం ఎవల్నీ అడుక్కోలే.”

కమాలుద్దీన్ కలం జేబులో పెట్టుకుని లేచాడు. “నడువుండ్రి. మళ్లొకసారి సూస్త.”

ఆ మధ్యాహ్నమే ఆయన గోనెసంచి మీద కూర్చున్నాడు. సొట్టలు పడ్డ సత్తు గ్లాసులో చల్ల తాగాడు. ఒక్క గది, ఒక్క బర్రె, గోడకు ఒక్క చీర చూశాడు. తన పెన్ను తీసి ఆమె ముందు పట్టుకుని, ఇదేంటని అడిగాడు. సక్కుబాయి కాసేపు తంటాలుపడి, “చెంచానా సాబ్?” అంది. ఆయన ఆ పెన్నుతోనే రిపోర్టు రాసుకున్నాడు. వెళ్లేముందు, “మొన్నటి చాయకన్న ఈ చల్లనే బాగున్నదమ్మా,” అన్నాడు. నాలుగో రోజు సర్టిఫికెట్ మీద తహసీల్దారు ముద్ర పడింది. అయిదో రోజు సక్కుబాయి దవాఖాన మంచం మీద ఉంది.

ముందు ఒక కన్ను, కొన్నాళ్లకు రెండోది. కట్లు విప్పి, దళసరి కళ్లద్దాలు పెట్టిన రోజు ఆమె మొట్టమొదట చూసింది భర్తనే.

“గింత ముసలోడివి ఎప్పుడైనవయ్యా?”

“నువ్వు సూడనప్పుడు,” అన్నాడు భిక్షపతి. ఆ దంపతులు ఇద్దరూ కలిసి అంతగా నవ్వడం ఆ వార్డు మొత్తం చూసింది.

డాక్టరు సరేనన్నాక, ఒక తెల్లవారుజామున సక్కుబాయి మళ్లీ బిందె చంకనెత్తుకుంది. గల్లీ ఆమెకు కొత్త పెళ్లికూతురిలా కనిపిస్తోంది. గోడ మీద పిచ్చుక, తలుపుల పచ్చరంగు, మోరీ పక్కన మొలిచిన తులసి, అన్నింటినీ పలకరిస్తూ నడిచింది. అలా నడుస్తూ ఖైసర్ బేగం మెట్టు దగ్గర ఆగిపోయింది.

మెట్టు అంచున జానెడు వెడల్పున సున్నం పట్టీ. వంగి చూసింది. ఒకదాని మీద ఒకటి ఎన్నో పూతలు. పక్కింటి వైపు చూసింది. వాళ్లు పాలు వేరేచోట పోయించుకుంటారు. వాళ్ల మెట్టు వట్టి నల్లరాయి. సుందరమ్మ మెట్టుకు సున్నం ఉంది. దాని పక్క రెండిళ్లకూ లేదు. ఇశ్రాయేలు మెట్టుకు ఉంది. సక్కుబాయి గల్లీ చివరిదాకా వెళ్లి లెక్కపెట్టింది. సరిగ్గా పదిహేను మెట్లు. తాను ఎక్కే మెట్లు మాత్రమే.

వెనక్కి వచ్చి ఖైసర్ బేగం తలుపు తట్టింది. “బేగమమ్మా, ఈ సున్నం ఎవరేసిన్రు?”

ఖైసర్ బేగం పండుగకని ఏదో చెప్పబోయి, ఆ దళసరి అద్దాల వెనక పెద్దగా కనిపిస్తున్న కళ్లను చూసి ఆగిపోయింది. “రెండేండ్లాయె. ఓ రోజు నువ్వు మా మెట్టు మీద జారి పడబోయినవ్. పాలు మాత్రం ఒలకనియ్యలే. గప్పుడే సమజైంది. ఇశ్రాయేలు సున్నం తెచ్చిండు. నెలకోపారి అందరం ఏస్తున్నం.”

“నాతోని ఒక్క మాట అనలేదేంది మరి?”

“నువ్వు దాసుకుంటుంటే మేమెట్ల అడుగుతం?”

అంటే అందరికీ తెలుసు. తెలిసే రెండేళ్లు ఆ పాలు తాగారు. తెలిసే కచేరీకి కుర్చీలు మోశారు. సక్కుబాయి ఆ సున్నపు పట్టీ మీదే కూలబడి ఏడ్చేసింది. కళ్లకు ఏడుపు మంచిది కాదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి నవ్వింది. నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. ఇంతటి సంతోషాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

తర్వాత ముఖం తుడుచుకుని, డబ్బా నింపి, ఖైసర్ బేగం గిన్నెలో అర లీటరు పోసింది. మళ్లీ నింపింది. మళ్లీ పోసింది. పాలు అంచు దాకా వచ్చాయి, అంచు దాటి మెట్టు మీది సున్నం మీదుగా కారసాగాయి.

“అరె, బస్ బస్! గిన్నె నిండింది. ఇంకా కనబడ్తలేదా నీకు?” అని అరిచింది ఖైసర్ బేగం.

“కనబడ్తుంది బేగమమ్మా,” అంది సక్కుబాయి, ధార ఆపకుండా. “సూసుకుంటనే పోస్తున్న.”