పధ్నాలుగో బాతు

చాయ్-వాంగ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. శుభ్రంగా ఉన్న ఫోటో కంటపడితే చాలు, దాని అంచులు కొరికేదాకా ఆయనకి అన్నం సయించదు. నోటితో కాదు లెండి, కంప్యూటర్‌తో.

కీలుంగ్ రేవులో నలభై ఏళ్లు ఓడలకి పట్టిన తుప్పు గీకి రంగులేసిన మనిషి. డెబ్భై రెండో ఏట, పెద్దవాళ్ల కోసం వార్డు ఆఫీసు నడిపే ఫోటో కళ క్లాసులో చేరాడు. చేరి, జన్మంతా గీకిన తుప్పుని మళ్లీ మోసుకొచ్చి ఫోటోలకి పట్టించడం మొదలుపెట్టాడు. గులాబీల మీద తుప్పు. పసిపిల్ల బుగ్గ మీద పెచ్చులూడిన గోడ. మేనకోడలి పెళ్లి ఫోటో మీద బూజు.

"బాబాయిగారూ, పెళ్లికూతురి ముఖం మీద ఆ మచ్చలేమిటి?" అని అడిగింది టీచరు యూ-చిన్.

"టెక్స్చర్ టీచర్. ఫోటో మీద ఇంకో పొర వేస్తే లోతొస్తుందని మీరే చెప్పారుగా."

"పల్చగా వెయ్యమన్నాను. ఆ పిల్ల పెళ్లికి నాచుగుంటలోంచి లేచొచ్చినట్టుంది."

"వాళ్లాయనా అదే అన్నాడు. అందుకే ఫోటో నాకే తిరిగిచ్చేశారు."

యూ-చిన్ గట్టిగా ఊపిరి వదిలి కిటికీవైపు చూసింది. బయట వాన. నిన్నా వానే, మొన్నా వానే. క్లాసు మొదలైనప్పుడు ముప్పైమంది ఉండేవాళ్లు. మోకాళ్లు అరిగి కొందరు, మనవల్ని చూసుకోవాలని కొందరు, ఊరికే కొందరు రావడం మానేశారు. మిగిలింది పధ్నాలుగుమంది. టర్మ్ చివర ఫోటోల ప్రదర్శన చూడటానికి ఒక ఆఫీసరు వస్తుందనీ, క్లాసు ఉండాలో పోవాలో ఆవిడే తేలుస్తుందనీ ఉత్తరం వచ్చింది. పోయేట్టే ఉంది. పోతే మంగళవారం మధ్యాహ్నాలు వీళ్లంతా ఎక్కడికెళతారు? ఎక్కడికీ వెళ్లరు. ఎవరింట్లో వాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. నిజం చెప్పాలంటే యూ-చిన్‌కి కూడా వెళ్లడానికి వేరే చోటు లేదు.

ఆ దిగులుతోనే ఓ మంగళవారం మాస్కుల పాఠం చెప్పింది. "మాస్క్ అంటే ముసుగు. నల్లగా ఉన్నచోట ఫోటో దాక్కుంటుంది, తెల్లగా ఉన్నచోట కనిపిస్తుంది. ఫోటో చెడిపోదు. ముసుగు తీసేస్తే మళ్లీ మొత్తం బయటికొస్తుంది."

అందరూ ఉత్సాహంగా ముసుగులు ఏరుకున్నారు. ఒకరు పూలచట్రం, ఒకరు హృదయం, ఒకరు చందమామలాంటి గుండ్రటి కిటికీ. వెనక బెంచీలో కూర్చునే అ-క్వేయ్ మామ్మ మాత్రం మెల్లిగా చెయ్యెత్తింది. రెండు టర్ములుగా నోరు విప్పని మనిషి.

"టీచర్, ఫోటోలో ఓ ముక్క నిజంగానే పోయిందనుకోండి. అది మళ్లీ వస్తుందా?"

"పోయింది పోయినట్టే మామ్మా. అలాంటివి ప్రదర్శనలో ఎబ్బెట్టుగా ఉంటాయి. మంచిదేదైనా పట్టుకురండి," అనేసి, యూ-చిన్ చందమామ కిటికీ సరిచెయ్యడానికి వెళ్లిపోయింది.

పై మంగళవారానికల్లా చాయ్-వాంగ్ పాత తుప్పులన్నీ వదిలేసి కొత్త అంచు పట్టుకొచ్చాడు. ఫోటో నాలుగువైపులా నాని, చిరిగి, ఎలుకలు పంచుకుతిన్నట్టుంది. కిందన ఎడమ మూలయితే పెద్ద ముక్కే లేదు. ఆ లేని ముక్క అచ్చం బాతు తలలా ఉంది, ముక్కుతో సహా.

ఇక ఆ బాతు క్లాసుని వదల్లేదు. చాయ్-వాంగ్ తీసిన దీపస్తంభం మూలన బాతు. ఆయన తిన్న చేప ఉండల సూపు మూలన బాతు. పక్కవాళ్లు టీ తాగడానికి లేస్తే చాలు, తిరిగొచ్చేసరికి వాళ్ల ఫోటోలో బాతు. కస్టమ్స్‌లో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన థాంగ్‌గారికి ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా, నా మనవరాలి పట్టా ఫోటోని మళ్లీ కొరికావా?"

"అందం వచ్చింది కదన్నా."

"ముప్పై ఏళ్లు కస్టమ్స్‌లో చేశాను. ఇంత దెబ్బతిన్న సరుకుని ఎన్నడూ గేటు దాటనివ్వలేదు."

క్లాసంతా పగలబడి నవ్వింది. బాతుని చూసి ఒక్కనాడూ నవ్వనిది అ-క్వేయ్ మామ్మ ఒక్కతే. ఆవిడకి చూపు ఆనదేమో అనుకుంది యూ-చిన్.

ప్రదర్శనకి పదమూడుమంది ఫోటోలిచ్చారు. మామ్మ మాత్రం ఇంటిదగ్గర మర్చిపోయానంది. ప్రింటు షాపుకి తీసుకెళ్లే పని తనకివ్వమన్నాడు చాయ్-వాంగ్. "నా దారే కదా టీచర్, మీరెందుకు వానలో తడవడం?" అన్నాడు. మనిషి మంచివాడే కదా అని ఫోల్డరుని పెన్‌డ్రైవ్‌లో వేసి అప్పగించింది. ఆ క్షణాన తన బుద్ధి ఏ గడ్డి తినడానికి వెళ్లిందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

రేపు ప్రదర్శన అనగా, మధ్యాహ్నం ప్రింట్ల కట్ట, దాంతోపాటే పెన్‌డ్రైవూ వచ్చాయి. యూ-చిన్ కాగితం విప్పింది. మొదటి ఫోటోలో బాతు. రెండోదాంట్లో బాతు. మూడోదాంట్లో థాంగ్‌గారి మనవరాలు, ఆవిడ పాదాల దగ్గర బాతు. నాలుగోది విప్పే ఓపిక లేక కుర్చీలో కూలబడింది. రేపు ఆఫీసరొచ్చి, గోడనిండా చెత్తబుట్టలోంచి ఏరినట్టున్న ఈ కాగితాలు చూసి, ఒక్క సంతకంతో క్లాసు మూసేస్తుంది. రెండేళ్ల కష్టం బాతుల పాలైంది. ఏడుద్దామంటే దానికీ ఓపిక లేదు.

ప్రింటు షాపు ఆరింటిదాకా ఉంటుంది. ఇంకా టైముంది. కంప్యూటర్ తెరిచి మొదటి ఫోటోకి ముసుగు తీసేసింది. ఫోటో నిండుగా బయటపడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పళ్లు నూరుకుంటూ, చాయ్-వాంగ్‌ని మనసులో తిట్టుకుంటూ పదమూడు బాతుల్నీ పీకిపారేసింది.

లిస్టులో ఉన్నవి పదమూడే. ఫోల్డరులో పధ్నాలుగోది ఒకటుంది.

తెరిచింది. అదే నానిన అంచు, అదే బాతు. ముసుగు కోసం వెతికింది. లేదు. పొరల కోసం వెతికింది. ఉన్నది ఒకే పొర. తీసెయ్యడానికి అక్కడేమీ లేదు.

రేవులో ఓ పడుచుజంట. అబ్బాయి గొడుగంతా అమ్మాయివైపే పట్టాడు, అతని సగం చొక్కా తడిసిపోయింది. అతని కాళ్లుండాల్సిన చోట బాతు తల. ఆ అమ్మాయి గడ్డం కింద పుట్టుమచ్చ చూసి యూ-చిన్ గుర్తుపట్టింది. అ-క్వేయ్ మామ్మ. గొడుగు పట్టుకున్నవాడు ఆవిడ భర్తే అయ్యుండాలి, పెళ్లయిన రెండేళ్లకి చేపల వేటకెళ్లి తిరిగిరాని మనిషి. మామ్మ ఇంట్లోకి తుపాను నీళ్లొచ్చాయని ఎవరో చెప్పగా విన్నట్టు గుర్తు. పోయింది పోయినట్టేనని తాను అన్నమాట అంతకంటే బాగా గుర్తొచ్చింది.

ఫోన్ చేసింది. "బాబాయిగారూ, ఆ అంచు ఎక్కడిది?"

"మామ్మ ఫోటోదే. ఆవేళ క్లాసయ్యాక అడిగి స్కాన్ చేసుకున్నాను," అన్నాడు. "అందరి ఫోటోలూ కొత్తచొక్కాలు తొడుక్కొస్తే ఆవిడది రానంటోంది టీచర్. అందుకని..." అని నసిగాడు. "మీకు కోపమొస్తుందని తెలుసు."

"వచ్చింది," అని ఫోన్ పెట్టేసింది.

ఒక్కో ఫోటో మూస్తుంటే, మార్పులు సేవ్ చెయ్యమంటారా అని కంప్యూటర్ పదమూడుసార్లు అడిగింది. పదమూడుసార్లూ వద్దంది.

మర్నాడు గోడమీద పధ్నాలుగు బాతులు వేలాడాయి. థాంగ్‌గారు గొడుగు దులుపుకుంటూ వచ్చి, మనవరాల్ని చూసుకుని, నోరు తెరిచారు. తెరిచిన నోటితోనే ఒక్కో ఫోటో దాటుకుంటూ చివరిదాకా వెళ్లారు. అక్కడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. నోరు మూశారు.

ఆఫీసరు వచ్చింది. గోడ చివరిదాకా నడిచి, వెనక్కి నడిచింది. "ఇవన్నీ నీళ్లలో పడ్డాయా?"

యూ-చిన్ ఏదో సర్దిచెప్పబోయింది. థాంగ్‌గారు అడ్డొచ్చారు. "ఇది మా క్లాసు బాణీ అమ్మా. ముప్పై ఏళ్లు కస్టమ్స్‌లో చేశాను. ఏది దెబ్బతిన్న సరుకో, ఏది కాదో నాకు తెలుసు."

ఆఫీసరు ఆయన్నీ, గోడనీ మార్చిమార్చి చూసింది. ఇంకో టర్మ్ నడుపుకోమంది. ఆపైన ఇరవైమందైనా లేకపోతే మాత్రం కష్టమని చెప్పి వెళ్లింది. ఇంకో ఆరుగురిని ఈ వానలో ఎక్కణ్ణుంచి తేవాలో యూ-చిన్‌కి తోచలేదు. చాయ్-వాంగ్ మాత్రం నింపాదిగా థాంగ్‌గారి మనవరాలి ఫోటో ముందు నిలబడి, "టీచర్, ప్రింటులో ఈ బాతు ముక్కు కాస్త పాలిపోయింది," అంటున్నాడు.

అ-క్వేయ్ మామ్మ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. గోడమీది ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. తన ఫోటో దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత థాంగ్‌గారివైపు తిరిగి, అమాయకంగా ముఖం పెట్టి అడిగింది.

"అయ్యో, మీ ఇంట్లోకీ నీళ్లొచ్చాయా?"

"వచ్చాయమ్మా. బాగా వచ్చాయి."

"మీది తొమ్మిదో అంతస్తు కదూ?"

థాంగ్‌గారు తడుముకోలేదు. "అక్కడిదాకా వచ్చాయి," అన్నారు.

మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ క్లాసులో మొట్టమొదటిసారిగా, బాతుని చూసి నవ్వింది.